మొగల్రాజపురం ఫ్రెంచ్ క్లాసు: ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లే ముందు చేరాలి

కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) కోసం టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షకి ప్రిపేర్ అవుతూ, ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో హాస్టల్ తీసుకునే వీలు లేని గుంటూరు, విజయవాడ వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తా, విజయవాడ మొగల్రాజపురంలో ఉన్న ఈ ఫ్రెంచ్ క్లాసు బాగుంది, చేరొచ్చు. ఐదుకి నాలుగు స్టార్లు ఇచ్చాను, అందులో మూడు ఒకే ఒక్క విషయానికి. ఇంగ్లీషులోనూ ఫ్రెంచ్‌లోనూ ఒకేలా కనిపిస్తూ అర్థం మాత్రం వేరే ఉండే మాటలుంటాయి కదా, వాటిని ఇక్కడ నేర్పే పద్ధతి నాకు ఇంకెక్కడా దొరకలేదు. గూగుల్‌లో ఉన్న రివ్యూలన్నీ "మేడమ్ సూపర్, నోట్స్ సూపర్" దగ్గర ఆగిపోయాయి, లోపల ఏం నేర్పుతారో ఎవరూ రాయలేదు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

నేను గుంటూరు కొత్తపేటలో ఫార్మసిస్టుని. శని, ఆదివారాలు బస్సెక్కి వస్తాను. దీనికి ముందు ఒక ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నాను, పేరు అనవసరం. అక్కడ ఈ మాటల కోసం ఒక పీడీఎఫ్ పంపారు, ఏ నుంచి జెడ్ దాకా వరసగా, ఎడమ పక్క ఫ్రెంచ్, కుడి పక్క ఇంగ్లీషు, బట్టీ పట్టేయండి అని. ఇంటర్ చదివినవాళ్లం, బట్టీ పట్టడం మనకో లెక్కా. కానీ టెఫ్ స్పీకింగ్‌లో ఎదుటి మనిషి ఫోన్లో మాట్లాడుతున్నట్టు టకటకా జవాబులిస్తుంటే ఆ పట్టిక ఎక్కడ గుర్తొస్తుంది? నోటికి ముందు వచ్చేది ఎల్‌కేజీ నుంచి తెలిసిన ఇంగ్లీషు మాటే. ఇంగ్లీషు ఎంత బాగా వస్తే అంత తొందరగా వచ్చేస్తుంది, అదీ సమస్య.

ఇక్కడ మేడమ్ మొదటి క్లాసులో ఫ్రెంచ్ జోలికే పోలేదు. బోర్డు మీద శిక్షా, వ్యవసాయ్, అవసర్, ఉపన్యాస్ అని నాలుగు హిందీ మాటలు రాసి, హిందీ రానివాళ్లు అర్థాలు చెప్పండి అన్నారు. శిక్ష, వ్యవసాయం, అవసరం, ఉపన్యాసం అని అందరూ ధైర్యంగా చెప్పేశారు. హిందీలో అవి చదువు, వ్యాపారం, అవకాశం, నవల. "మాటలు ఒక్కచోట నుంచే వచ్చాయమ్మా, సంస్కృతం నుంచి. రెండిళ్లలో పెరిగాయి, రెండు రకాలుగా తయారయ్యాయి. ఇంగ్లీషుకీ ఫ్రెంచ్‌కీ మధ్య జరిగింది కూడా ఇదే" అన్నారు. అసలు సంగతి మొత్తం ఆ పది నిమిషాల్లో అర్థమైపోయింది. తెలుగువాళ్లకి తెలుగులో చెప్పే టీచరు దొరికితే వచ్చే లాభం ఇదే, ఈ ఉదాహరణ ఏ యాప్‌లోనూ ఉండదు.

చరిత్ర కూడా చెప్తారు, కానీ క్లుప్తంగా. 1066లో నార్మండీ నుంచి విలియం వచ్చి ఇంగ్లాండ్‌ని గెలిచాక, దాదాపు మూడొందల ఏళ్లు అక్కడ రాజసభలోనూ కోర్టుల్లోనూ ఫ్రెంచే నడిచింది. కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో ఒక చట్టం చేశారు, ఆ చట్టాన్ని కూడా ఫ్రెంచ్‌లోనే రాశారట! ఆ కాలంలో ఇంగ్లీషులోకి వేల మాటలు దిగిపోయాయి. ఆ తర్వాత ఎవరి వాడుక వాళ్లది. ఇలా అర్థాలు వేరైపోయిన మాటల్ని ఫ్రెంచ్‌లో ఫోజామీ అంటారు, అబద్ధపు స్నేహితులు అని. 1928లో ఇద్దరు ఫ్రెంచివాళ్లు అనువాదకుల కోసం ఒక పుస్తకం రాశారు, ఈ పేరు దాంతోనే పాపులర్ అయింది.

నాకు బాగా నచ్చింది, ప్రతి మాటనీ విజయవాడలో ఒక చోటికి కట్టేయడం. లిబ్రేరీ అంటే పుస్తకాలు అమ్మే షాపు, అంటే లెనిన్ సెంటర్, ఏలూరు రోడ్డు. బిబ్లియోతెక్ అంటే లైబ్రరీ, అంటే బందరు రోడ్డులో ఠాగూర్ గ్రంథాలయం. లిబ్రేరీలో డబ్బులు తీయాలి, బిబ్లియోతెక్‌లో కార్డు తీయాలి. ఒకసారి ఇలా విన్నాక ఇంక తప్పు పోదు. ఇక్కడో ముచ్చటైన విషయం చెప్పారు: ఒకప్పుడు ఫ్రెంచ్‌లో కూడా లిబ్రేరీ అంటే పుస్తకాలు దాచుకునే చోటే. 16వ శతాబ్దంలో మొంతేన్ అనే ఫ్రెంచ్ రచయిత తన బురుజులో ఉన్న సొంత పుస్తకాల గదిని లిబ్రేరీ అనే పిలుచుకున్నాడు. ఇంగ్లీషు ఆ పాత అర్థాన్ని ఉంచేసుకుంది, ఫ్రెంచ్ షాపు వైపు జరిగింది. అంటే ఇంగ్లీషు తప్పుగా తీసుకుందని కాదు, ఫ్రెంచే మారింది. ఇది తెలిశాక ఈ మాటల మీద చిరాకు పోయి ఇష్టం మొదలైంది నాకు.

అలాగే కార్. ఫ్రెంచ్‌లో కార్ అంటే ఊరికీ ఊరికీ మధ్య తిరిగే పెద్ద బస్సు. సిటీ బస్సు బ్యూస్, మన కారు వ్వాత్యూర్. కాబట్టి నెహ్రూ బస్టాండ్‌లో గుంటూరు ప్లాట్‌ఫారం మీద నేను ఎక్కేది కార్, బెంజ్ సర్కిల్లో దిగి ఎక్కే సిటీ బస్సు బ్యూస్. ఇంకా కొలేజ్ ఉంది, మన విజయవాడలో దీని గురించి కచ్చితంగా చెప్పాలి. మనకి కాలేజీ అంటే ఇంటరూ ఆపైనా. ఫ్రాన్స్‌లో కొలేజ్ అంటే పదకొండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా చదివే నాలుగేళ్ల బడి, ఆ తర్వాతి మూడేళ్లు లిసే. స్పీకింగ్‌లో "నేను కొలేజ్‌లో లెక్చరర్‌ని" అంటే హైస్కూలు పిల్లలకి పాఠాలు చెప్పేవాళ్లని అనుకుంటారు. కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంలో మళ్లీ వేరే, అక్కడ పదకొండేళ్ల స్కూలు అయ్యాక సెజెప్ అని ఉంటుంది, యూనివర్సిటీకి వెళ్లేవాళ్లకి అది రెండేళ్లు, మన ఇంటర్‌కి దగ్గరగా ఉండేది అదే. బ్యాచ్‌లో ఇంటర్ చెప్పే లెక్చరర్లు ఇద్దరున్నారు, వాళ్ల కోసం మేడమ్ దీని మీద చాలాసేపు ఆగారు.

ఇప్పుడు అసలు విషయం. ఆన్‌లైన్ పీడీఎఫ్‌లో ఈ మాటలన్నీ ఒకే వరసలో, ఒకే బరువుతో ఉన్నాయి. ఇక్కడ మేడమ్ వాటిని నష్టాన్ని బట్టి విడగొడతారు. పెయిన్ అనే స్పెల్లింగుతో పేఁ అని పలికే మాటకి అర్థం రొట్టె. కాయిన్ స్పెల్లింగుతో ఉన్న క్వేఁ అంటే మూల. చైర్ స్పెల్లింగుతో ఉన్న షేర్ అంటే మాంసం, ఒంటి కండ. ఇవి చదివేటప్పుడు మాత్రమే ఒక్క క్షణం తికమక పెడతాయి, బేకరీలో నొప్పి కొనరు కదా, వాక్యమే మనల్ని సరిచేస్తుంది. వీటి మీద టైం వేస్ట్ చేయొద్దంటారు. ప్రమాదం ఎక్కడంటే, తప్పు అర్థం పెట్టినా వాక్యం హాయిగా కుదిరిపోయే చోట. అక్కడ మనకి అనుమానమే రాదు, మార్కు పోయిందని కూడా తెలియదు.

లా జూర్నే ఎతే లోఁగ్ అని వినిపిస్తుంది. ప్రయాణం చాలాసేపు పట్టింది అనుకుంటాం, జర్నీ లాగా ఉంది కాబట్టి. కానీ జూర్నే అంటే రోజు, రోజంతా సాగదీసినట్టు గడిచింది అని దానర్థం. రెండూ కుదురుతాయి. ఒకాయన సోమవారం ఎవాఁత్యుఎల్‌మాఁ వస్తాడు అంటే ఇంగ్లీషు చెవికి చివరికి సోమవారం వస్తాడు అని తోస్తుంది. ఫ్రెంచ్‌లో అది రావచ్చు, రాకపోవచ్చు. అక్త్యుఎల్‌మాఁ అంటే నిజానికి అని కాదు, ప్రస్తుతం అని. హోటల్లో రెస్తే అంటే రెస్ట్ తీసుకోవడం కాదు, అక్కడే ఉండటం. మీటింగుకి అసిస్తే అంటే సాయం చేయడం కాదు, హాజరు కావడం. అతాఁద్ర్ అంటే ఎదురుచూడటం, కాబట్టి "నేను క్లాసు అటెండ్ అయ్యాను" అందామని ఆ మాట వాడితే క్లాసు కోసం ఎదురుచూశానని అర్థం వస్తుంది. దుమాఁదే అంటే మామూలుగా అడగడం, ఇంగ్లీషు డిమాండ్‌లో ఉన్న గట్టిదనం దీంట్లో లేదు. మోడల్ పేపర్‌లో ఉద్యోగి జీతం పెంచమని దుమాఁదే చేశాడని ఉండి, కింద అతని మూడ్ ఏంటని ప్రశ్న ఉంటే, కోపం అని టిక్ పెట్టేవాళ్లు మా బ్యాచ్‌లో సగం మంది. ఇక పాసే. పరీక్ష పాసే చేశాను అంటే రాశాను అని మాత్రమే. నెగ్గాను అనడానికి రెయుసీర్ వాడాలి. ర్యాంకులూ పాస్ పర్సంటేజీలే ఊపిరిగా ఉన్న మన ఊరివాళ్లకి ఇది ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

ఇలాంటి వాక్యాలు మేడమ్ దగ్గర బోలెడున్నాయి. ప్రతి క్లాసు మొదట్లో కొన్ని చదువుతారు, మనం తెలుగులో అర్థం చెప్పాలి, ఇంగ్లీషులో చెప్పనివ్వరు. మొదట్లో అది నాకు వింతగా ఉంది. కానీ ఇంగ్లీషు తలుపు మూసేస్తే ఎవాఁత్యుఎల్‌మాఁకి "వస్తే రావచ్చు" అని తెలుగులో తిన్నగా వచ్చేస్తుంది, మధ్యలో ఇంగ్లీషు మాట అడ్డం పడదు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఇది కొంచెం కష్టం, తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒక నర్సమ్మాయి దీంట్లో అందరికంటే ముందుంది.

పరీక్షకి కూడా బాగా ముడిపెట్టారు. టెఫ్ కెనడా స్పీకింగ్ పదిహేను నిమిషాలు, అందులో మొదటి ఐదు నిమిషాలు ఒక ప్రకటన ఇచ్చి, దాని గురించి ఫోన్ చేసి వివరాలు కనుక్కోమంటారు. మిగతా పది నిమిషాలు ఒక స్నేహితుణ్ని దేనికో ఒప్పించాలి. ఇల్లు అద్దెకి అని ప్రకటన ఇస్తే పైన లొకాసియోఁ అని ఉంటుంది. అదేదో ఇల్లుండే చోటు అనుకుని ఏరియా గురించి ప్రశ్నలు మొదలుపెట్టేస్తారు చాలామంది. లొకాసియోఁ అంటే అద్దెకివ్వడం. ఉద్యోగ ప్రకటనలో స్తాజ్ అంటే ఇంటర్న్‌షిప్, ఫొర్మాసియోఁ అంటే ట్రైనింగ్. ఈ మూడు మాటలు రాకుండా ఆ ఐదు నిమిషాలకి వెళ్లడం దండగ. ఇంకా మనవాళ్లందరికీ ఇంటర్వ్యూల పుణ్యమా అని అలవాటైన సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఉంది. దాన్ని ఏఁత్రొద్యుయీర్‌తో చెప్పకూడదు, ఆ మాటకి లోపలికి దూర్చడం, ప్రవేశపెట్టడం అని అర్థం. ప్రెజాఁతే అనాలి. చేరిన ప్రతి ఒక్కరి నోటా మొదటి వారం ఈ తప్పు వస్తుందని మేడమ్ అన్నారు, అలాగే వచ్చింది.

మా బ్యాచ్‌లో నర్సులు, ఫార్మసీవాళ్లు ఎక్కువ కాబట్టి మాకోసం ఒక ఆదివారం మొత్తం మందుల మాటలకి ఇచ్చారు. నాకు ఫీజు మొత్తం ఆ ఒక్క క్లాసుతో గిట్టిపోయింది. డ్రగ్ అనుకుని ద్రోగ్ అంటే మత్తుమందు అని వస్తుంది, నాలాంటివాళ్లు అమ్మేది మెదికామాఁ. మెద్‌సేఁ అంటే డాక్టరు, మెడిసిన్ కాదు. ఫిజిసియేఁ అంటే ఫిజిక్స్ శాస్త్రవేత్త, ఫిజీషియన్ కాదు. డాక్టరు రాసిచ్చే చీటీ ఒర్దొనాఁస్, మనకి పేపర్లలో కనిపించే ఆర్డినెన్స్ లాగా ఉంటుంది. ఏఁజ్యూర్ అంటే తిట్టు, గాయం కాదు, గాయం బ్లెస్యూర్. కాబట్టి బ్లెసే అని వినగానే ఎవరో దీవించారని అనుకోకూడదు, దెబ్బ తగిలింది. ఏఁతొక్సికాసియోఁ అలిమాఁతేర్ అంటే ఫుడ్ పాయిజనింగ్, తాగి పడిపోవడం కాదు. ఆస్పత్రిలో పనిచేయడానికి వెళ్లేవాళ్లు వీటిలో ఒక్కటి తప్పు విన్నా ఎంత అనర్థం! టెన్షన్ పడి మరీ నేర్చుకోవాల్సిన మాటలు ఇవి.

ప్రెజెర్వాతీఫ్ గురించి కూడా చెప్పాలి. మన ఊరి వంట మీద రాయమంటే అందరూ గోంగూర పచ్చడి, ఆవకాయే రాస్తారు, "ప్రిజర్వేటివ్‌లు లేవు" అని ఒక వాక్యం ఉంటుంది. ఫ్రెంచ్‌లో ప్రెజెర్వాతీఫ్ అంటే కండోమ్. పచ్చడిలో కలిపేవి కొఁసెర్వాతర్లు. ఆడపిల్లలు, మగపిల్లలు, నలభై దాటినవాళ్లు అందరూ ఉన్న క్లాసులో మేడమ్ ఏ దాపరికం లేకుండా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా రెండు ముక్కల్లో చెప్పేసి ముందుకెళ్లారు. ఆ పద్ధతి నాకు చాలా గౌరవంగా అనిపించింది.

ఇంకోటి, ఇవన్నీ విని భయపడి, ఇంగ్లీషు లాగా కనిపించే ప్రతి మాటనీ అనుమానించడం మొదలుపెట్టేవాళ్లు కూడా ఉంటారు, ఆ జాగ్రత్త కూడా తీసుకున్నారు. ఒకేలా కనిపించే మాటల్లో ఎక్కువ భాగం నిజంగానే స్నేహితులు. నాసియోఁ నేషనే, రెస్తొరాఁ రెస్టారెంటే. అక్షరం మీద టోపీ లాంటి గుర్తుంటే చాలాసార్లు అక్కడ ఒకప్పుడు ఎస్ ఉండేదని అర్థం, ఫొరే ఫారెస్ట్, ఒపితాల్ హాస్పిటల్ ఇలా దొరికిపోతాయి. సగం స్నేహితులు కూడా ఉంటాయి, ఎక్స్‌పెరియాఁస్ అంటే అనుభవమూ అవుతుంది, ప్రయోగమూ అవుతుంది. ఏఁపొర్తాఁ అంటే ముఖ్యమైనదీ, డబ్బు మొత్తం గురించి అయితే పెద్దదీ. ఇవి ఎప్పుడు ఏ అర్థమో వాక్యంతో తప్ప తెలియదు, ఇక్కడ ఇంకొంచెం ప్రాక్టీస్ ఇచ్చి ఉంటే బాగుండేది, తొందరగా దాటేశారు.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, మొదటిది కెనడా ఫ్రెంచ్. టెఫ్ తయారుచేసేది పారిస్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లే, కాబట్టి ఫ్రాన్స్ ఫ్రెంచ్ నేర్పడం తప్పు కాదు. కానీ అక్కడికెళ్లి బతకాల్సింది మేమే కదా. ఫ్రాన్స్‌లో దెజునే అంటే మధ్యాహ్నం భోజనం, క్యూబెక్‌లో టిఫిను. దీనే అంటే ఫ్రాన్స్‌లో రాత్రి భోజనం, క్యూబెక్‌లో మధ్యాహ్నం, రాత్రిది సూపే. అంటే ఫ్రెంచ్‌కీ ఫ్రెంచ్‌కీ మధ్యే ఈ గొడవ ఉంది. దీని మీద ఒక్క క్లాసు కూడా లేదు, సెజెప్ సంగతి తప్ప. అడిగితే మేడమ్ విడిగా చెప్పారు, కానీ సిలబస్‌లోనే పెట్టాలి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు చూసి పీఆర్‌కి ఎంపిక చేసే కెనడా పద్ధతి) వెళ్లేవాళ్లు క్యూబెక్ బయటే స్థిరపడాలి, అది నిజమే, అయినా న్యూ బ్రన్స్‌విక్ లాంటి రెండు అధికార భాషల రాష్ట్రంలో వినిపించేది కూడా పారిస్ ఫ్రెంచ్ కాదుగా.

రెండోది నోట్స్. ఇంత మంచి వాక్యాలన్నీ బోర్డు మీదే ఉండిపోతున్నాయి. ఇచ్చే జిరాక్స్ నోట్స్‌లో మళ్లీ అదే ఏ నుంచి జెడ్ పట్టిక, అక్షరాలు కూడా చెదిరిపోయాయి, యాక్సెంట్ గుర్తులు కనపడవు. ఫ్రెంచ్‌లో యాక్సెంట్ కనపడకపోతే ఎలా? మూడోది, స్పీకింగ్ ప్రాక్టీస్‌కి ఒక్కొక్కరికి దొరికే టైం చాలదు, ముఖ్యంగా ఆదివారం బ్యాచ్ బాగా నిండిపోయింది. వినడానికి పెట్టే స్పీకరు వెనక బెంచీలకి సరిగ్గా వినపడదు, ముందు కూర్చోండి.

పాయింట్ల సంగతి చాలామంది అడుగుతున్నారు కాబట్టి: వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగు మాడ్యూల్స్‌లోనూ ఎన్‌సీఎల్‌సీ 7 (ఫ్రెంచ్ ఎంత వచ్చో కొలిచే కెనడా స్కేలు) వచ్చి, ఇంగ్లీషుకి అలాంటిదే అయిన సీఎల్‌బీ 5 లేదా ఆపైన ఉంటే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 50 పాయింట్లు అదనం, ఇంగ్లీషు అంతకంటే తక్కువుంటే 25. 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి పీఆర్‌కి అప్లై చేయమని పిలిచే డ్రాలు విడిగా కూడా తీస్తున్నారు. టెఫ్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, కాబట్టి తొందరపడి ముందే రాసేయకండి. ఆఫీసులో మాత్రం "ఆరు నెలల్లో ఏడు గ్యారంటీ" అంటారు, మేడమ్ ఎప్పుడూ అలా అనలేదు, ఆవిడ మాటే నమ్మండి. సున్నా నుంచి మొదలుపెట్టి ఉద్యోగం చేసుకుంటూ వచ్చేవాళ్లకి అంతకంటే ఎక్కువే పడుతుంది.

చేరేముందు ఒక డెమో క్లాసుకి కూర్చోనిస్తారు, శనివారం సాయంత్రం బ్యాచ్‌కి వెళ్లండి, జనం తక్కువ, మేడమ్ తీరిగ్గా ఉంటారు. ఫీజు రెండు వాయిదాల్లో కట్టొచ్చు, రసీదు అడిగితేనే ఇస్తారు, అడగండి. బండి పెట్టుకోవడానికి కింద చోటు తక్కువ, గుంటూరు నుంచి వచ్చేవాళ్లు బస్సుకే రావడం మేలు. సిలబస్‌లో క్యూబెక్ మాటలు కలపమని నేను ఆఫీసులో రాసిచ్చాను, ఇంకో నలుగురు అడిగితే కలుపుతారనిపిస్తోంది, మీరూ అడగండి.